నాలుగు వరుసలు

జిల్లా పరిషత్తు నుంచి కాగితం వచ్చింది.
మాజీ సభ్యుల పుస్తకం వేస్తారట.
మనిషికి నాలుగు వరుసలు,
ఫొటో ఉంటే మూడే.
ముద్దాడ పోలినాయుడి ఫొటో ఎవరి దగ్గరా లేదు.
ఆ విధంగా ఒక వరుస కలిసొచ్చింది.

ఆమదాలవలసలో, గోగు గొడౌనుకి ఎదురుగా
ఇరవై రెండేళ్లు ఆయన ఉత్తరాలు కొట్టిన వేళ్లివి.
మిషను పాతదే, కొట్టడం మొదలెట్టాను:
"శాసనసభకు రెండుసార్లు. లోక్‌సభకు ఒకసారి.
తరువాత ఓటమి. మళ్లీ వ్యవసాయం."
అయిపోయింది.
ఇంకా రెండు వరుసలు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి.

మొదటిసారి హైదరాబాదు బయల్దేరిన రోజు
శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు మూడు నిమిషాలాగింది.
దండలకే రెండు నిమిషాలు సరిపోయాయి.
మిగిలిన నిమిషంలో, మెడలో బంతిపూలతో
కిటికీలోంచి వంగి
పాలేరు గవరయ్యని కేకేశాడు:
"ఒరే, పల్లపు మడికి గండడిపోనాది, సూసుకో!"

అసెంబ్లీలో మాట్లాడింది పదకొండుసార్లు.
అందులో తొమ్మిది మా గెడ్డ గురించే.
వాన పడితే బడిపిల్లలు ఈ గట్టునే ఉండిపోతారని,
పలకలు నెత్తిన పెట్టుకుని చూస్తుంటారని.
"పరిశీలనలో ఉన్నది" అనేవారు మంత్రిగారు.
ఆ జవాబుకి నకళ్లు తీసీ తీసీ
నా మిషన్లో 'ప' అరిగిపోయింది.

ఢిల్లీలో ఒక్కసారే లేచాడు.
గుప్పెట్లో గోగునార.
వచ్చీరాని ఇంగ్లీషులో
గోగు ధర, మిల్లు బకాయి, తూకంలో మోసం,
అన్నీ చెప్పాడు.
రాసుకునేవాడు గోగు ఎప్పుడూ చూసి ఉండడు.
అచ్చయి వచ్చింది:
"గోవా రైతుల దుస్థితిపై గౌరవ సభ్యులు."

సంతంతా నవ్వింది. గోవా నాయుడన్నారు.
తర్వాతి ఎన్నికల్లో గోడల మీద సున్నంతో రాశారు:
"నాయుడికి గోవా టిక్కెట్టు కొందాం."
కొన్నారు.

దిద్దుబాటుకి ఉత్తరం రాద్దామన్నాను.
గోచీ బిగించి నారు పీకుతున్నాడు, తలెత్తలేదు.
"పోన్లే పంతులూ,
ఆళ్లు మట్టుకు రైతులు కారేటి?"

గెడ్డ మీద కల్వర్టు ఆయన పోయిన మరుసటేడు పడింది.
రాయి మీద వేరే పేరు.
తుపానుకి రాయి కొట్టుకుపోయింది.
కల్వర్టు ఉంది.

ఢిల్లీ నుంచి ఆయన రాసిన కార్డులు తీశాను.
పైన మూడు సింహాలు, కింద ఆయన గీతలు:
"గట్టు మీద కంది ఏసినారా?
ఎర్రావు ఈనిందా? పెయ్యా, కోడా?"
మిషను దగ్గరికొచ్చి
'మళ్లీ వ్యవసాయం'లో 'మళ్లీ' కొట్టేశాను.

నాలుగో వరుస మిగిలింది.
కళ్లజోడు తుడుచుకుని, తప్పు లేకుండా కొట్టాను:
"గోవా రైతుల కష్టాలను పార్లమెంటు దృష్టికి తెచ్చారు."

రికార్డులో ఉన్నదే.