పదకొండో కిరణం

మాస్కు ఒకటే ఉండాది షెడ్డులో.
అది ఖాజన్నది.
నాకు ఇచ్చింది ఒక మాట:
"రాడ్డు కొట్టేటప్పుడు కండ్లు మూసుకో రా, ఓబులేసూ."

నాగరభావిలో ఎవరిదో కొత్త ఇల్లు,
గేటు మీద పొద్దు పొడవాలంట.
సగం చక్రం, దాని చుట్టూ పంతొమ్మిది కడ్డీలు.
ఒక్కోదాన్నీ పట్టకారుతో నేను నిలబెట్టాల,
ఆయన అతకాల.
కండ్లు మూసుకుంటే కిరణం నిలబడదు,
ఈ పక్కకో ఆ పక్కకో వాలిపోతాది.
చూసినా.
నీలంగా, తెల్లగా, చిటపటమని.

నొప్పేమీ లేదు. అదే మోసం.
పీణ్య నుంచి లగ్గెరె దాకా నడిచినా,
దోవలో టీ తాగినా, ఎవరి మీదనో జోకేసినా.

రాత్రి రెండింటికి
చిత్రావతి వచ్చింది.
నీళ్లు కాదు. మా ఏట్లో నీళ్లు నేనెప్పుడు చూసినా గనక!
ఉత్త ఇసుక,
రెప్పల కింద ఏరు ఏరంతా.
తెరిస్తే ట్యూబులైటు పొడుస్తాది,
మూస్తే లోపల ఆ పంతొమ్మిదీ వెలుగుతాయి.
నేను ఏడ్వలేదు.
కండ్లే ఏడ్చినాయి, నన్నడక్కుండా.

పక్క గదిలోంచి ఖాజన్న వచ్చినాడు.
చప్పుడును బట్టి తెలిసింది,
హాక్సా బ్లేడుతో ఆలుగడ్డ కోస్తా ఉండాడని.
రెండు బిళ్లలు చల్లగా రెప్పల మీద పెట్టి
"తొలిసారి గదా" అన్నాడు.
ఆయనకు ఎన్నోసారో చెప్పలేదు.
తెల్లారేదాకా నా తలకాడే కూర్చున్నాడు.
చేతిలో అగ్గిపెట్టె గలగలమంటానే ఉండాది,
బీడీ వాసన మాత్రం రాలేదు.

పొద్దున డాక్టరమ్మ కన్నడంలో తిట్టింది.
ఆలుగడ్డ పల్యకు పనికొస్తాదంట, కంటికి కాదంట.
ఎండకు తోలు కాలినట్టు
నల్లగుడ్డు మీది పొర కాలిందంట,
రెండు దినాల్లో అదే మానుతాదంట.
"మళ్లీ మళ్లీ కాల్చుకొని నా దగ్గరికి రావద్దు"
అంటానే చుక్కలమందు రాసిచ్చింది.

మూడో దినం మల్లప్ప సావుకారు ఇంకో మాస్కు తెచ్చినాడు,
దాని దుడ్డు నా వారం కూలిలో పట్టుకొని.
ఆ అద్దంలోంచి షెడ్డంతా అమాస,
నిప్పొక్కటే
పచ్చని చుక్క.

మొన్న ఆదివారం నాగరభావి పోయినా, ఊరికే.
గేటుకు బంగారు రంగు పూసినారు.
చిన్నపిల్ల ఒకతి పట్టుకొని ఊగుతా ఉండాది.
ఎవురికీ కనపడదు గానీ
ఎడమ నుంచి పదకొండోది
రవ్వంత వంకర.

ఆ ఒక్కసారే
నేను ఖాజన్న మాట విన్నా.