ఏరియేటర్ ఆగిన చోట

చింతలమోరిలో ఆరో నంబరు చెరువు.
తాటాకు పాకలో నేనూ, ఒక టార్చీ,
పగిలిన తెరకి ప్లాస్టరేసిన ఫోనూ.
రొయ్యల్ని కాసినందుకు రాత్రికి నాలుగొందలు.
నిద్ర పట్టకూడదని పాట కట్టడం మొదలెట్టాను.

నేర్పింది ఇసాకు,
మైకు సెట్టు ఏసుపాదం గారి మూడోవాడు.
పదేళ్ళు స్పీకరు పెట్టెలకి ఆనుకుని పడుకుని
ఎడం చెవి పోగొట్టుకున్నాడు.
"ముందు దెబ్బ పెట్టు. బారుకి నాలుగు.
నిమిషానికి నూట ఇరవై నాలుగు.
అన్నీ ఒక్కలాగే పడాలి.
తెలివి చూపించకు."

తెలివి చూపించాను.
మొదటి వారానికే ముప్ఫై మూడు శబ్దాలు పేర్చాను,
డప్పు, వీణ, రైలు, మా వీధి కుక్క.
"పులస పులుసులో పాయసం పోశావేంట్రా" అన్నాడు.
ఒక్కొక్కటీ తీసేస్తే దెబ్బ మిగిలింది.
రాత్రంతా అదొక్కటే విన్నాను.
తెల్లారి గట్టు మీద నా అడుగులు
దాని మీదే పడుతున్నాయి.

దెబ్బకీ దెబ్బకీ నడుమ
రేకు మీద జారే గుప్పెడు మేత గింజలు.
రెండోదాని మీదా నాలుగోదాని మీదా చప్పట్లు.
చప్పట్ల కోసం తుఫాను షెల్టరుకి వెళ్ళాను.
ఒక్కసారి కొడితే
గోడలు నాలుగుసార్లు ఒప్పుకున్నాయి.
మూలన ఎవరిదో ఒంటి చెప్పు.
దాన్ని కదపలేదు.

బాసు దగ్గర చిక్కొచ్చింది.
అదీ దెబ్బా ఒకదాన్నొకటి తొక్కుకుంటూ
వింటే అంతా బురద.
ఫోన్లో చెప్పలేక ఇసాకు బండేసుకొచ్చాడు,
కాలవ గట్టు మీద నిలబెట్టి చూపించాడు:
రాజోలు బస్సు వస్తోంటే
గడ్డిమోపు సైకిలు పక్కకి ఒరిగింది,
బస్సు దాటగానే మళ్ళీ దారిలోకొచ్చింది.
"అంతేరా. దెబ్బ పడ్డప్పుడల్లా బాసు ఒరగాలి,
దాటగానే లేవాలి. అదే పాటకి ఊపిరి."
సైకిలాయన మమ్మల్ని చూసి
ఏదో అనుకుంటూ పోయాడు.

ఫిల్టరు మటుకు నాకు ముందే తెలుసు.
పంటకాలవలో మునిగి
ఒడ్డున మోగే మైకుని నీళ్ళలోంచి విన్నవాడికి
ఎవరూ నేర్పనక్కర్లేదు.
అడుగున గుమ్ముగుమ్మనడం ఒక్కటే,
తల పైకి లేపేకొద్దీ
ఈలలూ, మాటలూ, ఎండా.

ఇక మిగిలింది, పాట విరిగిపడే చోటు.
ఎంత పెంచినా, ఎంత గిర్రున తిప్పినా
పడాల్సినట్టు పడట్లేదు.
"పడే ముందు ఏం ఉంచావు?"
"అన్నీ ఉంచాను."
వాడు నవ్వి
మంచి చెవి దిండుకి ఆనించి పడుకున్నాడు.

వైశాఖం. రాత్రి రెండూ పది.
కరెంటు పోయింది.
పన్నెండు ఏరియేటర్లూ ఒక్కసారే ఆగాయి.
రెండేళ్ళుగా నేను వింటున్నదేంటో
ఆగాక తెలిసింది.
చెరువు చదును.
సముద్రం లేచొచ్చి పాక వెనక నిలబడ్డట్టుంది.
కప్పలు కూడా ఆలోచనలో పడ్డాయి.
ఊపిరాడక రొయ్యలు పైకి తేలడానికి
ఎంతసేపు పడుతుందో తెలుసు,
సూరపరాజు గారు ఏమని తిడతారో తెలుసు.
పరిగెత్తి జనరేటరు హేండిలు తిప్పాను.
పట్టలేదు.
మళ్ళీ తిప్పాను. దగ్గింది.
మళ్ళీ

చెరువంతా తెల్లగా లేచింది.
నన్నడక్కుండా నా ఒళ్ళు గెంతింది,
చేతుల నిండా నూనె,
మోకాలికి రేకు గీరి రక్తం.

పొద్దున్నే ఫోను తీసి
పడే చోటికి ముందు బారంతా చెరిపేశాను.
ఏమీ పెట్టలేదు.

ఇసాకు కుడి చెవికి ఆనించుకుని విన్నాడు.
ఆ ఖాళీ దగ్గర
నములుతున్న కిళ్ళీ ఆపేశాడు.
దెబ్బ పడింది.
చాలాసేపటికి అన్నాడు,
"చప్పట్లు కాస్త తగ్గించు."