బాగుందని చెప్పు పాపా

హోసూరు రోడ్డు, పొద్దున ఏడు.
మా ఆసుపత్రి క్యూ గేటు దాటి ఇడ్లీ బండి దాకా పాకింది.
కదిరి బస్సూ మదనపల్లె బస్సూ
రాత్రంతా మోసుకొచ్చిన మెలకువల్ని
వరండాలో దించి వెళ్ళాయి.

నేను చేసే పనికి పేరు లేదు.
రిజిస్టర్లో అటెండర్ని.
కూర్చునేది తెలుగు కిటికీ దగ్గర.
తెలుగును కన్నడం చేయాలి,
ఏడుపును వాక్యం చేయాలి.
కౌన్సెలర్ పోస్టు ఖాళీ అయి నాలుగేళ్ళు,
ఆ గదిలో ఇప్పుడు విరిగిన బీరువాలు కాపురముంటున్నాయి.
డాక్టరమ్మ ఉళ్ళాల్ పిల్ల, మంచిది.
మనిషికి నాలుగు నిమిషాలకు మించి
ఆమె దగ్గరా లేవు.

ఓబులేసు కాగితం చాపాడు.
తుపాకీ లైసెన్సు రెన్యువల్.
ఒంట్లోనూ మనసులోనూ ఏ లోటూ లేదని
ఒక సంతకం, ఒక సీలు కావాలి.
నగల కొట్టు ముందు స్టూలు, రాత్రి డ్యూటీ,
ఒళ్ళో రెండు గొట్టాలది.
ఉత్త చేతుల గార్డుకు పద్నాలుగు వేలు,
సొంత తుపాకీ ఉంటే ఇరవై రెండు.
ఆ పై ఎనిమిది వేలే
కూతురి నర్సింగు ఫీజు.

నిద్ర పడుతోందా అని అడిగింది డాక్టరమ్మ.
నేను తెలుగు చేశాను.
అతను నా వైపు తిరిగాడు.

"యాడి నిద్దర పాపా.
మా ఇంటామె పోయినకాడ్నించీ లేదు.
రేతిరి రెండు గంటలప్పుడు
షట్టరు ముందర ఒక్కణ్ణే కూచోనుంటానా,
గొట్టం సల్లగుంటాది.
సెంప ఆనిచ్చుకుంటా.
కాసేపటికి తీసేస్తా.
ఈయమ్మతో మాత్రం బాగుందని చెప్పు పాపా."

ఆ తుపాకీకి చాలామంది ఉన్నారు.
ఏడాదికోసారి తుప్పు చూసే ఇన్‌స్పెక్టరు,
నూనె, మెత్తటి గుడ్డ, తాళం, చట్టం.
ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పగించి
రసీదు తెచ్చుకుంటాడు.
రెండు నెలలు దాన్ని వాళ్ళే కాపాడతారు.
ఓబులేసును ఇంతవరకూ
ఎవరూ డిపాజిట్ చేసుకోలేదు.

క్యాంటీన్ టీవీలో నిన్న
ఇంటికొక తుపాకీ మన హక్కని ఒకాయన,
ఉన్నవన్నీ గుంజుకోవాలని ఒకావిడ.
గొంతులు చిరిగేదాకా అరిచారు.
మా వార్డుబాయి టీ తాగుతూ అన్నాడు,
పై అంతస్తు కారుతోంది, దానిక్కూడా ఎవరైనా అరిస్తే బాగుండు.

చెన్నాగిదె.
ఒక్క మాట.
అది అనేస్తే సీలు పడుతుంది, ఫీజు కడతాడు,
నేను ఇంటికెళ్ళి అన్నం తింటాను.
నిజం చెబితే ఎనిమిది వేలు పోతాయి.
పోయినాక అతనికివ్వడానికి
మా దగ్గర ఏముంది, బీరువాలు తప్ప?

నా నోరు ఇంకా తెరుచుకోలేదు.
డాక్టరమ్మ ఊరికే ఇంకొకటి అడిగింది,
మగళు ఫోన్ మాడ్తాళా?
నేను తెలుగు చేసేలోపే
అతని తల ఊగింది. జవాబు కన్నడంలో వచ్చింది,
చక్కటి కన్నడం,
పద్దెనిమిదేళ్ళ చిక్కపేట కన్నడం.

నాకప్పుడు తెలిసింది.
ఆ పక్క కన్నడ క్యూ చిన్నది.
అయినా ఇక్కడే రెండు గంటలు నిలబడ్డాడు.
ఒక్కసారి, ఒక్కరికి,
అమ్మ నేర్పిన మాటల్లో చెప్పుకుందామని.

చెప్పేశాను. అంతా చెప్పాను.
బాగుందని చెప్పమన్న సంగతి కూడా.
డాక్టరమ్మ చేతిలో సీలు గాల్లో ఆగింది.
వెనకెవరో దగ్గారు.
ఓబులేసు నన్ను చూడలేదు,
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు,
మళ్ళీ విప్పాడు.
తుపాకీ ఎక్కడుందని ఆమె అడిగితే
కొట్టు లాకర్లో అన్నాడు. భద్రంగా ఉందన్నాడు.

అయిదో నిమిషం మొదలైంది.
ఆమె అతని కోసం చీటీ రాస్తోంది.
మందుల కిటికీ పక్కన బోర్డు మీద
సుద్దముక్క రాత నాకిక్కణ్ణించే కనిపిస్తోంది.
స్టాకు లేదు, సోమవారం రండి.

ఈరోజు మంగళవారం.