హైమా, పేజీ నూట పన్నెండు

వెనక సీటు కింద మర్చిపోయి పోయిండు
జర్మనీ ఆయన, తన గైడు పుస్తకం.
మస్కట్ నుంచి సలాలా దాకా
ఎక్కడ తినాలె, ఎక్కడ పండాలె, అన్నీ ఉన్నయి.
కోటలకు నాలుగు పేజీలు,
సాంబ్రాణి చెట్టుకు రంగుల బొమ్మ.

హైమాకు ఒకటే లైను:
"ఆగి చూడవలసిందేమీ లేదు."

చదివి చెప్తే పోశెట్టి నవ్విండు.
తొమ్మిదేండ్లాయె, ఇక్కడ పంక్చర్లేయబట్టి.
చేతి గ్రీసు ప్యాంటుకు తుడిచి, పెన్ను అడిగి
ఆ లైను పక్క ఖాళీల తెలుగుల రాసిండు:

"టైర్ల గాలి చూసుకో.
రాత్రి నడపకు, ఒంటెలు అడ్డమొస్తయి.
మసీదు వెనక నల్లా నీళ్ళు చల్లగుంటయి.
చాయ్ నా లెక్కల తాగు."

తిరిగి పంపుదామంటే అడ్రసు లేదు.
డాష్‌బోర్డు మీదనే పెట్టుకున్న.
ఎక్కినోళ్ళు ఎవరు పట్టుకున్నా
గ్రీసంటిన ఆ పేజీ కాడనే తెరుచుకుంటది.