గోరంత తలుపు

డాబాగార్డెన్స్‌లో ముప్ఫై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ కొట్టు నాది.
గోడమీది అక్షరాలు చదివిస్తాను.
"ఇది బాగుందా, ఇదా?" అని
గాజు తీసి గాజు వేస్తాను.
ఈ ఊరి చూపు కొంత
నా చేతిగుడ్డతో తుడిచిందే.

అందుకే సిగ్గు.

మంగళవారం, కాన్వెంట్ జంక్షన్ దగ్గర
ఎడమకి జరుగుదామని ఇండికేటర్ వేశాను.
అద్దం చూశాను. ఖాళీ.
నున్నటి, అమాయకమైన ఖాళీ.
జరిగాను.

కారు వెనక రేకు మీద ధబ్బున ఒక అరచేయి.
"ఏటి బాబూ! ఇక్కడ మనిసున్నాడు, అగుపడ్డం నేదేటి!"

మోపెడ్. వెనక థర్మోకోల్ ఐసుపెట్టె, నీళ్ళు కారుతూ.
పడలేదు. కాలు నేలకి తన్ని నిలదొక్కుకుని
నన్నొక చూపు చూసి
బొగ్గులారీ పక్కనుంచి దూరి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చూస్తే
తెల్లరంగు మీద ఐదువేళ్ళ అచ్చు,
బొటనవేలి దగ్గర ఎండిన చేపపొలుసు.
కడగలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కపెట్టాను,
ఇన్నేళ్ళుగా ఆ ఖాళీలో ఎందరు
నాకు చెప్పకుండానే బ్రేకు నొక్కి ఉంటారో.
సిందియాలో షిఫ్టు దిగి సైకిలెక్కినవాళ్ళు,
పాలక్యాన్ల కుర్రాడు,
పూర్ణామార్కెట్ నుంచి బుట్టలతో వచ్చే ఆటోలు.

మర్నాడు నూకరత్నాన్ని పిలిచాను.
ఒకప్పుడు పోర్టులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన మనిషి,
ఇప్పుడు నాలాంటి ముదురు విద్యార్థులకి
గంటకింతని డ్రైవింగ్ దిద్దుతుంది.
ఎక్కి కూర్చుని, నా వైపు ఒరిగి
అద్దంలోకి చూసి నవ్వింది.

"ఏటండీ ఇది, సగం అద్దం మీ తలుపే కదా!
మీ తలుపెక్కడికి పోతాదని కాపలా?
అది మీతోనే వస్తాది."

ముప్ఫై ఏళ్ళలో
నాకెవరూ ఇంత చవగ్గా పవరు మార్చలేదు.

"తల కుడికి వాల్చండి, కిటికీకి ఆనీదాకా.
ఇప్పుడు అద్దం బయటికి తిప్పండి,
కారు అంచు గోరంత మిగిలీదాకా. చాలు.
ఇప్పుడు మధ్యకి వంగండి, నా వైపు.
మొహమాటపడకండి, నాకు ఇద్దరు మనవలు.
ఎడం అద్దానికీ అదే కొలత."

నిటారుగా కూర్చున్నాను.
అద్దాల్లోంచి నా కారు మాయం.
చొక్కా మరిచి వీధిలోకొచ్చినట్టు
ఒక్క క్షణం భయమేసింది.

బీచ్ రోడ్డెక్కాం, భీమిలి వైపు.
నిన్నటిదాకా నా తలుపున్న చోట
ఇవాళ సముద్రం.
దాని చివర డాల్ఫిన్స్ నోస్,
ఉప్పుపొర పట్టిన గాజులో కాస్త మసకగా.
"వెనక చూసింది చాల్లెండి, ముందు బస్సుంది."

తెన్నేటి పార్కు దాటాక తనే అంది:
"ఎంత సర్దినా ఒక మూల మిగిలిపోతాది.
దానికి అద్దం లేదు. మెడుంది."

నాకు తెలిసింది నేనూ చెప్పాను.
కంట్లోనూ ఉందమ్మా అలాంటి చోటు.
చూపు మోసుకెళ్ళే నరం
బయల్దేరే చోటే కంటికి చూపుండదు.
ఆ చిల్లుకి మెదడు
పక్కనున్న రంగుతో అతుకేసి
గోడైతే గోడని, ఆకాశమైతే ఆకాశమని
నమ్మబలుకుతుంది.
బహుశా మనుషుల మధ్య కూడా...

"కవిత్వం తరవాత," అంది నూకరత్నం,
"ముందు ఇండికేటరు."

తిరుగుదారిలో హనుమంతవాక దగ్గర
ఎడమకి రావాలి.
లోపలి అద్దం. పక్క అద్దం. ఖాళీ.
మెడ తిప్పాను.

ఉంది.
నా భుజం వెనకే, చెయ్యి చాపితే అందేంత దగ్గర
స్కూటీ మీద ఒక గుంట.
హెల్మెట్లో పెదవులు ఏదో పాడుకుంటున్నాయి,
కాళ్ళ దగ్గర సంచిలోంచి ములక్కాడలు.
ఆగాను.
ఆమె నన్ను చూడనే లేదు.
దాటిపోయింది, పాట మధ్యలో.

శభాష్ అనలేదు నూకరత్నం.
గేరు మార్చమంది.

రాత్రి గుడ్డ తడిపి అద్దాల ఉప్పు తుడిచాను.
వెనక రేకు దగ్గరకొచ్చి
ఆ అచ్చు మీద నా చెయ్యి ఆనించి చూశాను.
అతని చెయ్యి పెద్దది.
పొలుసు ఇంకా అంటుకునే ఉంది.
దాన్ని అలాగే ఉంచి
చుట్టూ తుడిచాను.