దేశానికి తండ్రి పేరు

వకాలత్‌నామా ముందర పరుచుకుని
మా గుమాస్తా పెంటోజి అడిగాడు:
"సార్, కక్షిదారు తండ్రి పేరేం రాయాలె?"

అక్కడ ఈ కాగితం అక్కర్లేదన్నా వినడు.
నలభై ఏళ్లు నాంపల్లి కోర్టుల్లో
వేలిముద్రలు వేయించిన చేయి,
ఏ గడీ ఖాళీగా వదలదు.
ఈసారి కక్షిదారు ఒక దేశం.
వయసు నలభై మూడు.
వృత్తి, చేపలు.
నివాసం, ఏటా జానెడు తరిగిపోయే ఒడ్డు.
తండ్రి పేరు దగ్గర కాసేపు ఆగి
పెన్సిలుతో "సముద్రం" అని రాశాడు.
నేను చెరపలేదు.

ఆ దేశం తరఫున వచ్చినావిడ, లుసీనా,
సంచిలో ఒక సీసా తెచ్చింది.
వాళ్ల ఊరి బావినీళ్లు. నాలిక మీద పెడితే ఉప్పు.
"మీకు సముద్రం లేదా?" అంది.
"లేదు, మూసీ ఉంది" అన్నాను.
"నది ఉన్నవాళ్లు అదృష్టవంతులు" అంది.
నేను మాట మార్చి బిర్యానీ సంగతి ఎత్తాను.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పద్నాలుగో అంతస్తు.
ఎవరి గడ్డా కాని గడ్డ అని
ఇరుపక్షాలూ ఒప్పుకుని ఎంచుకున్న ఊరు మాది.
తటస్థత ఇంత చల్లగా ఉంటుందని
ఆ ఏసీ కింద తెలిసింది.
అవతల కంపెనీకి పదకొండు మంది వకీళ్లు,
ఇరవై ఆరు అట్టపెట్టెలు.
ఇవతల నేను, ఆవిడ, పెంటోజి, సీసా.
మంచినీళ్ల కాంట్రాక్టు రద్దు చేశారని దావా.
అడిగిన పరిహారం ఆ దేశపు రెండేళ్ల బడ్జెట్టు.

లేచి, "మేము" అని మొదలుపెట్టాను.
ఇంగ్లీషులోనే అన్నాను గానీ
లోపలి తెలుగు ఊరుకోలేదు:
మేమా? మనమా?
ఎదుటివాణ్ణి గడప బయట నిలబెట్టే మేమా,
చాప జరిపి చోటిచ్చే మనమా?
ఆ భాషకి ఈ పట్టింపు లేదు,
ఒక్క మాటే రెండు పనులకీ.
నేను చూడని ఒడ్డు, నేను తినని చేప,
నేను మోయని బిందె,
అన్నీ నా నోట్లో మేము అయ్యాయి.
తొంభై వేల మంది పట్టేంత
గొంతు వచ్చింది నాకు.

"ప్రజాప్రయోజనం కోసం
ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే హక్కు
రాజ్యానికి పుట్టుకతో ఉంది.
ఒప్పందం కాగితం.
రాజ్యం కాగితం కాదు."
మధ్యలో కూర్చున్న పెద్దాయన
రాయడం ఆపి నన్ను చూశాడు.
బాగా వాదించానని తెలిసిపోయింది.
వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

సాయంత్రం మెహదీపట్నం దగ్గర ఆగిపోయాం.
పెంటోజి జేబులోంచి
నాలుగు మడతల కాగితం తీశాడు.
చాదర్‌ఘాట్ కింద, మూసీ ఒడ్డున వాళ్ల రెండు గదులు.
పోయిన మంగళవారం
గోడ మీద ఎర్రరంగుతో అంకె వేసి పోయారట.
నోటీసులో "ప్రజాప్రయోజనం" కింద
పెన్సిలు గీత.
"పొద్దుగాల మీరన్నది ఇదేనా సార్?"

నా వాదన టైపు కొట్టింది తనే.
ఆ సంగతి ఎలా మరిచానో.

"అది వేరు" అన్నాను.
"అక్కడ రాజ్యం బక్కది, కంపెనీ బలిసింది. ఇక్కడ..."
"ఇక్కడ నేనున్న" అన్నాడు.
ముందరి బస్సు కదిలింది.
వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు.

రేపు పొద్దున మళ్లీ నేనే దేశం.
ఎల్లుండి స్టే పిటిషన్, రాజ్యం మీద.
ఒక్క గొంతు, ఏ సీసాలో పట్టేది?

అప్పటికే తన వకాలత్‌నామా నింపుకున్నాడు.
తండ్రి పేరు: కీర్తిశేషులు లింగోజి.
వయసు: అరవై ఒకటి.
వృత్తి: గుమాస్తా.
తర్వాతి గడి దగ్గర పెన్సిలు ఆగింది.
"నివాసం సార్,
ఇయ్యాల ఉన్నది రాయాల్నా,
రేపు ఉండేది రాయాల్నా?"