మెడల టేపు

షుగరు రెండొందల నలభై.
నుస్రత్ మేడం చీటి మీద అడ్డగీత గీసి
"రోజూ అరగంట, చెమట పట్టాలె" అన్నది.
నడ్వొచ్చు గదా అంటరు అందరు.
పొద్దుగాల ఐదింటికి మా గల్లీల కుక్కలున్నయి,
తొమ్మిదింటికి గిరాకి ఉన్నది,
పదకొండు దాటితే ఎండ
నల్లగొండ గుట్టలు దిగొచ్చి
రోడ్డు నిండ కాళ్లు చాపుకొని కూసుంటది.

అందుకే గడియారం సెంటరు కాడ దుకాణానికి పోయిన.
మెడల టేపు తియ్య మర్సిపోయిన.
మంచిదే అయింది.

షట్టరు పక్క ట్రెడ్‌మిల్లు ముందల నిలవడి
సైదులు అనే పిలగాడు దాని గొప్పలు అందుకున్నడు.
నేను టేపు ఇడిసిన.
పొడుగు అరవై రెండు, ఎడల్పు ఇరవై ఎనిమిది.
మా అర్ర తొమ్మిదడుగులకు పది.
అండ్లనే కుట్టుమిషిను, బీరువ, బియ్యం డ్రమ్ము,
పండుకుంటే కాళ్లు గడప దాటే మా ఆయన.
"మడ్వొచ్చమ్మా, గోడకు నిలవెట్టొచ్చు" అన్నడు.
అదేమన్న జాకెట్టు ముక్కనా?
మడిచినా నిలవడ్డ మనిషే,
కిరాయి కట్టని మనిషి.

ఇంకోటి, మెట్లెక్కే మిషిను.
చాటంత ఉన్నది, బీరువ కిందికి పోతది.
ఎక్కి రెండు తొక్కులు తొక్కిన.
మోకాలు చెరుకు ఇర్సినట్టు చప్పుడు చేసింది.
మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగిన బొక్కలివి.
మా చిన్నమ్మ నడుమైతే నలభై ఏండ్లకే
జాకెట్టు హుక్కు లెక్క ఒంగింది.
ఎక్కుడు దిగుడు నాతోని కాదు బిడ్డా అన్న.

దుంకుడు తాడు చూపెట్టిండు, నూట ఇరవై.
కింది పోర్షను మల్లికాంబ గారు
మా ఇంట్ల గంటె పడ్డా మీదికి చూస్తది.
యాభై నాలుగేండ్ల మనిషి దుంకితే
ఇల్లు ఖాళీ చేయమంటది.

ఆఖరుకు లోపల్నుంచి ఒక డబ్బా తెచ్చిండు.
సైకిలే, కని సీటు లేదు, హాండిలు లేదు, చక్రాలు లేవు.
రెండు పెడళ్లు, నాలుగు కాళ్లు, నడుమ వేలెడంత మీటరు.
"కుర్చీల కూసొని తొక్కుడే అమ్మా,
కరంటు అక్కర్లేదు, చప్పుడు రాదు."
పదహారు ఇంచులు. పద్నాలుగు ఇంచులు.
టేపు చుట్టుకుంట ఆగిపోయిన.

ఈ కొలత నాకెరికే.

ఇరవై మూడేండ్లు తొక్కిన.
కంపెనీ పేరు అరిగిపోయి
నా పాదం అచ్చు మిగిలిన ఇనుప పలక.
లంగాలు, లాల్చీలు, బడి పిల్లల యూనిఫారాలు,
పీర్లకు దట్టీలు,
ఎలచ్చన్లప్పుడు ఒక్క రాత్రిల మూడు పార్టీల కండువాలు,
అన్ని కాళ్లతోనే కుట్టిన.
మోకాళ్లకు సుఖమని మోటరు పెట్టించి
పలకను, తోలు బెల్టును, కింది పెద్ద చక్రాన్ని
పాతసామాన్లాయన తక్కెడల ఏసిన.
మూడొందల యాభై ఇచ్చిండు.
కొట్లాడి ఇంకో ఇరవై నేనే తీసుకున్న.

సైదులు రెండువేల తొమ్మిదొందలన్నడు.
నాకు నవ్వొచ్చింది.
బేరమనుకున్నడు పిలగాడు,
రెండొందలు తగ్గించిండు.

ఇప్పుడది కిటికి కాడ, స్టూలు ముందల ఉన్నది.
హుక్కులు, కాజాలు, చీరెలకు ఫాల్సు,
చేతిపని అంత దాని మీదనే.
చేతులు కుడుతుంటే కాళ్లు తిరుగుతయి.
దారం ముడేసేటప్పుడు వాటంతట అవే ఆగుతయి.
మీటరు నాలుగు కిలోమీటర్లంటే
"పానగల్లు పోయినవ్,
కట్ట మీద గాలెట్లున్నది?" అంటడు మా ఆయన.
ఉక్కపోస్తున్నది, ఫ్యాను పెంచు అంట.

కని ఒక్కటి.
తొక్కుడు మొదలువెట్టే ముందు
రోజూ నా కుడిచెయ్యి లేస్తది,
మిషిను తలకాయంత ఎత్తుల,
గాలిల, లేని చక్రాన్ని
నా దిక్కు ఒక్క తిప్పు తిప్పుతది.
అప్పటిదాంక కాళ్లు కదలవు.